బంతిలో చిన్న కడుపు

పాలమూరు పెళ్లిలో బంతి కూర్చున్నాక విస్తరి నిండడానికి ఐదు నిమిషాలు చాలు. తొక్కు, తీపి, బగారా బువ్వ, దాని మీద మటన్ షోర్వా, పక్కన పప్పు, పచ్చిపులుసు, చివర్లో పెరుగు. వడ్డించేవాళ్లు ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉంటారు. రెండో బంతి వాళ్లు వెనక నిలబడి ఉంటారు. పావుగంట, ఇరవై నిమిషాల్లో లేచి చెయ్యి కడుక్కోవాలి. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న మనిషికి డాక్టర్లు చెప్పి పంపే మాటలు దీనికి పూర్తిగా ఎదురు: కొద్దిగా తిను, బాగా నమిలి తిను, అరగంట సేపు తిను, తింటూ నీళ్లు తాగకు, తీపి జోలికి పోకు. ఆపరేషన్ హైదరాబాద్‌లోనో కర్నూలులోనో జరుగుతుంది. అది నిలబడుతుందా లేదా అన్నది మాత్రం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో, ఇంటికొచ్చాక పిలుపొచ్చే దావత్‌లలో తేలుతుంది. విస్తరి ముందు కూర్చున్న ఆ మనిషి ఎంత తెలుసుకోవాలో, వడ్డించే చెయ్యి కూడా అంతే తెలుసుకోవాలని నా నమ్మకం.

ముందు కడుపు సంగతి. ఖాళీగా ఉన్నప్పుడు కడుపు ముడుచుకుని గుప్పెడంతే ఉంటుంది. ముద్ద గొంతు దిగడం మొదలవగానే దాని పైభాగం వదులై సాగుతుంది. లోపల ఒత్తిడి పెద్దగా పెరగకుండానే లీటరు, లీటరున్నర దాకా పడుతుంది. పెళ్లిలో రెండోసారి బువ్వ వేయించుకోగలుగుతున్నామంటే ఈ సాగే గుణం వల్లే. మన దగ్గర ఎక్కువగా చేసే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ ఆపరేషన్‌లో ఆ సాగే భాగాన్నే కోసి తీసేస్తారు. కడుపులో నాలుగింట మూడు వంతులు, ఇంకా ఎక్కువే పోతుంది. మిగిలేది అరటిపండులాంటి సన్నని గొట్టం. మొదట్లో దానిలో 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే మరో పద్ధతిలో కడుపు పైన 30 మిల్లీలీటర్ల చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కుడతారు. మిగతా కడుపు లోపలే ఉంటుంది కానీ తిండి దారి దాని మీదుగా పోదు.

బైపాస్‌ను మొదలుపెట్టింది అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్. చికాషి ఇటోతో కలిసి 1966లో చేశారు. అంతకుముందు కడుపులో పుండ్లకు కడుపును కొంత కోసి తీసేసేవారు. అలా కోయించుకున్నవాళ్లు తర్వాత ఒళ్లు చేయలేకపోవడాన్ని మేసన్ గమనించాడు. అప్పట్లో అందరూ అనుకున్నది ఒకటే: సంచి చిన్నదైతే తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే బరువు తగ్గుతుంది. 1999లో జపాన్‌లో కోజిమా, కంగావా అనే శాస్త్రజ్ఞులు కడుపు గోడలో పుట్టే గ్రెలిన్ అనే హార్మోన్‌ను కనుగొన్నాక కథ మారింది. గ్రెలిన్ రక్తంలో పెరిగితే ఆకలి వేస్తుంది. అది ఎక్కువగా పుట్టేది కడుపు పైభాగంలోనే, అంటే స్లీవ్‌లో కోసి తీసేసే ముక్కలోనే. పైగా తిండి పేగులోకి తొందరగా చేరడంతో జీఎల్‌పీ-1 లాంటి, కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోన్లు మునుపటికంటే ఎక్కువగా విడుదలవుతాయి. కాబట్టి ఆపరేషనైన మనిషి విస్తరి ముందు నోరు కట్టుకుని కూర్చున్నాడనుకోవడం పొరపాటు. చాలాసార్లు, ముఖ్యంగా మొదటి ఏడాది, ఆయనకు నిజంగానే ఆకలి ఉండదు. "మొహమాటపడుతున్నవా?" అని అడిగేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

ఇప్పుడు విస్తరి మీద లెక్క వేద్దాం. ఒక గంటె బగారా బువ్వ నూరు గ్రాములకు తక్కువుండదు. స్లీవ్ అయినవాళ్లకు దాదాపు దానితోనే కడుపు నిండుతుంది. ఆ బువ్వలో ఉండే ప్రొటీన్ మూడు గ్రాముల లోపే. ఆపరేషన్ తర్వాత రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. అందకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, నీరసం వస్తుంది. మూడో నెల నుంచి ఎటూ రాలే జుట్టు ఇంకా రాలుతుంది. అదే జాగాలో నూరు గ్రాముల చేపో కోడిమాంసమో పడితే దాదాపు ఇరవై గ్రాములు. ఉడికించిన గుడ్డు ఒక్కటి తిన్నా ఆరు గ్రాములు. మన బంతిలో మొదట పడేది బువ్వ, చివరికి మిగిలేది కూర. ఈ మనిషికి ఆ వరుస తిరగబడాలి: ముందు కూరలోని ముక్క, తర్వాత చిక్కటి పప్పు, జాగా మిగిలితే రెండు ముద్దల బువ్వ.

ముక్కలన్నీ ఒకటి కావు. ముదురు మేక తునక ఎంత నమిలినా పోగులు పోగులుగానే ఉండి ఆ సన్నని గొట్టంలో ఇరుక్కుంటుంది. బోటి రబ్బరులా సాగుతుంది, మొదటి ఆరు నెలలు దాన్ని పక్కన పెట్టడమే మంచిది. కార్జం మెత్తన, పైగా ఆపరేషన్ తర్వాత కొరతపడే ఇనుము, బి12 అందులో దండిగా ఉంటాయి. ఖీమా, మెత్తగా ఉడికిన కోడి తొడముక్క, చేపల పులుసు కూడా బాగా దిగుతాయి. రంజాన్ నెలలో దొరికే హలీం గంటల తరబడి దంచి దంచి వండింది కాబట్టి సులువుగా దిగుతుంది, కాకపోతే నెయ్యి బాగా పడుతుంది కనుక నాలుగు చెంచాలు చాలు. ఇదంతా గట్టి తిండి మొదలుపెట్టిన తర్వాతి మాట. ఆసుపత్రిని బట్టి నెల నుంచి రెండు నెలల దాకా నీళ్లు, పలచటివి, జావలు, మెత్తటివి అంటూ మెట్టు మెట్టుగా పోవాలి. ఆ రోజుల్లో దావత్‌కు వెళ్లినా అక్షింతలు వేసి రావడమే.

ముద్ద ఇరుక్కున్నప్పుడు ఏమవుతుందో పక్కనున్నవాళ్లకు ముందే తెలిసుండాలి. ఛాతీ మధ్యలో పట్టేసినట్టు బరువు. ఎక్కిళ్లు. ఉన్నట్టుండి ముక్కు కారుతుంది. నోట్లో జిగట ఉమ్మి ఊరుతూ ఉంటుంది. చూసేవాళ్లు పొలమారిందనుకుని నెత్తిమీద తట్టి గ్లాసుడు నీళ్లు చేతిలో పెడతారు. ప్రేమతోనే చేస్తారు, కానీ నీళ్లకు దిగే దారి లేదు. అవి ఇరుక్కున్న ముద్ద మీదే నిలబడి ఒత్తిడి పెంచుతాయి, బాధ రెట్టింపై వాంతి అవుతుంది. తినడం ఆపి, లేచి నిలబడి, మెల్లగా నాలుగడుగులు వేస్తే చాలాసార్లు అదే దిగుతుంది. మాట రాకపోయినా, ఊపిరి ఆడకపోయినా అది వేరు. అది గొంతుకు అడ్డం పడినట్టు, ఎవరికైనా చేసే అత్యవసర సాయమే చేయాలి. ముక్కు కారడం, ఒక్క ఎక్కిలి రావడం కొందరిలో కడుపు నిండిందనడానికి తొలి గుర్తులు. ఆ గుర్తు కనిపించాక ఇంకో ముద్ద పెట్టుకోకూడదు. ఆ ఒక్క ముద్దే వాంతి దాకా తీసుకుపోతుంది.

తీపి విషయంలో బైపాస్ అయినవాళ్లకు ప్రమాదం ఎక్కువ. బక్షాలు, డబుల్ కా మీఠా, కొల్లాపూర్ మామిడి రసం ఆ చిన్న సంచిలో ఆగకుండా ఒక్కసారిగా చిన్నపేగులో పడతాయి. ఆ చక్కెరను పలచన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి దిగుతుంది, పేగు హార్మోన్లు కుమ్మరిస్తుంది. పది నిమిషాల నుంచి అరగంటలో గుండె దడదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం, పడుకుంటే తప్ప కుదరదనిపించే నీరసం మొదలవుతాయి. దీన్ని డంపింగ్ అంటారు. ఇంకోరకం ఆలస్యంగా వస్తుంది. ఒక్కసారిగా ఎక్కిన చక్కెరకు జవాబుగా శరీరం ఇన్సులిన్‌ను అతిగా విడుదల చేస్తే, గంట నుంచి మూడు గంటల్లో రక్తంలో చక్కెర బాగా పడిపోతుంది. చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. అప్పటికి పెళ్లి భోజనం అయిపోయి, మనిషి బస్సులోనో బండి మీదో తిరుగు ప్రయాణంలో ఉంటాడు. తిన్న తీపికీ ఈ వణుకుకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. అలాంటప్పుడు కొద్దిగా చక్కెర ఇవ్వక తప్పదు. కానీ వెంటనే గుడ్డో పెరుగో లాంటిది తినిపించకపోతే మళ్లీ అదే చక్రం తిరుగుతుంది. ఆపరేషనైన కొత్తలో బండి నడుపుకుంటూ దావత్‌లకు ఒంటరిగా వెళ్లవద్దని నేను చెప్పేది ఇందుకే.

తిండి గురించి ఇంత తెలిసినా బంతిలో తప్పు జరిగిపోతుంది. ఎందుకంటే మనిషి ఒంటరిగా తిన్నట్టు నలుగురిలో తినడు. అమెరికాలో జాన్ డి కాస్ట్రో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మామూలు జనం చేత తిన్నదల్లా డైరీలో రాయించాడు. తోడుగా ఎవరైనా ఉన్నప్పుడు తిన్న భోజనం ఒంటరి భోజనం కంటే సగటున 44 శాతం పెద్దదని 1989లో ప్రకటించాడు. కబుర్లలో భోజనం సాగుతుంది, పక్కవాళ్ల చెయ్యి కదిలినకొద్దీ మన చెయ్యీ కదులుతుంది. మామూలు మనిషిలో ఆ 44 శాతం రాత్రి భోజనం తగ్గించుకుంటే సర్దుకుంటుంది. 150 మిల్లీలీటర్ల గొట్టంలో దానికి చోటే లేదు.

పైగా ఇది పాలమూరు. కరువులతో, వలసలతో నలిగిన నేల. పాలమూరు లేబర్ దేశమంతటా ఆనకట్టలు కట్టింది, కాలువలు తవ్వింది. గట్క, అంబలి తాగి పొద్దు గడిపిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. ఆ తరం ఆడవాళ్లు "ఇంకొంచెం పెట్టించుకో బిడ్డా" అంటే అందులో ఉన్నది మర్యాద ఒక్కటే కాదు. ఎదుటి మనిషి కడుపు నిండగా చూడడం వాళ్లకు నిజమైన తృప్తి. అదే తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి ముప్పై మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. ఒకే ఇంట్లో ఆకలి చూసిన అవ్వ, బరువుకు ఆపరేషన్ చేయించుకున్న కోడలు పక్కపక్కన కూర్చుని తింటున్నారు. అవ్వ చేతిలోని గంటెను తప్పుబట్టడం నాకు న్యాయంగా తోచదు. ఆమెకు సంగతి చెప్పకపోవడమే తప్పు.

కానీ చెప్పడం తేలిక కాదు. ఆరు నెలల్లో ముప్పై కిలోలు తగ్గిన మనిషిని చూసి మన ఊళ్లో ముందు వచ్చే ఆలోచన రోగం గురించే. "ఏమాయెనమ్మా, షుగరొచ్చిందా? గిట్లయితివి" అని బతుకమ్మ దగ్గర నలుగురిలో అడిగేస్తారు. టీబీయా, క్యాన్సరా అని వెనక గుసగుసలు నడుస్తాయి. పెళ్లి కావాల్సిన ఆడపిల్లయితే ఇంట్లోవాళ్లే ఆపరేషన్ మాట బయటికి పొక్కనీయరు. మరోపక్క, చెబితే "తిండి తగ్గించుకోలేక కోయించుకుంది" అనేవాళ్లుంటారు. ఊబకాయం బద్ధకం వల్ల వచ్చేది కాదనీ, ఆకలిని నడిపించే హార్మోన్లు, వంశం, తిండి, నిద్ర, మందులు అన్నీ కలిసి తెచ్చే జబ్బనీ వైద్యశాస్త్రం తేల్చి చాలా కాలమైంది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు కొత్త మార్గదర్శకాలు ఇస్తూ, ఆసియావాసులకు బాడీ మాస్ ఇండెక్స్ 27.5 దాటితే చాలు, ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చన్నాయి, ఎందుకంటే మన శరీరాల్లో తక్కువ బరువుకే మధుమేహం ముంచుకొస్తుంది. అయినా ఊరందరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఏ దావత్‌కు వెళ్లినా వడ్డించేవాళ్లలో ఒక్కరికి, మేనత్తో వదినో ఎవరో ఒకరికి, ముందుగా చెప్పి పెట్టుకుంటే సరిపోతుంది. "వదినా, నాకు కడుపు ఆపరేషనైంది. ముందుగాల రెండు మెత్తటి తునకలెయ్యి, బువ్వ నేనే అడుగుత." ఈ ఒక్క మాటతో ఆమె మీకు కాపలా అవుతుంది. ఇంకొకరు గంటె పట్టుకొస్తే ఆమే అడ్డం చెబుతుంది. మొదటి బంతిలో కాకుండా చివరి బంతిలో కూర్చోవడం ఇంకా మేలు. లేపేవాళ్లుండరు, అరగంట తీరిగ్గా తినొచ్చు.

హోటల్లో ఈ మొహమాటం తక్కువ, చిక్కు వేరు. అమెరికాలో కొన్ని ఆసుపత్రులు ఆపరేషనైనవాళ్ల చేతికి చిన్న కార్డు ఇస్తాయి. "వీరు కొద్దిగానే తినగలరు, సగం ప్లేటు ఇవ్వండి" అని హోటల్ వాళ్లను కోరే కార్డు అది. మన దగ్గర దానితో పని లేదు. ఒక ప్లేటును ఇద్దరు పంచుకోవడం, మిగిలింది పార్సెల్ కట్టించుకోవడం ఎవరికీ వింత కాదు. హైదరాబాద్ రోడ్డు మీద కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తాల దగ్గర ఆగితే దొరికేవి ఇడ్లీ, దోసె, పూరీ, ఉగ్గాని బజ్జీ. అన్నీ పిండిపదార్థమే. ఒక ఇడ్లీ, ఆమ్లెట్ అడిగి ముందు ఆమ్లెట్ తినాలి. జూరాల ఆనకట్ట దగ్గరికి చుట్టాలతో చేపలకు వెళ్లడం ఈ మూడు జిల్లాల వాళ్లకూ సరదా. ఎర్రగా మసాలా పట్టించి నూనెలో వేయించిన ఆ ముక్కలో పైన కరకరలాడే పొరను తీసేసి, లోపలి తెల్లటి కండను ముళ్లు ఏరుకుంటూ తింటే అంతకంటే మంచి తిండి దొరకదు. ముళ్లు ఏరుకోవాలి కాబట్టి తినే వేగం దానంతటదే తగ్గుతుంది. కలిసి వెళ్లినవాళ్లు రెండు కిలోలు తిన్నా, మూడు ముక్కలతో మీరూ అంతసేపూ వాళ్లతో సమానంగా కూర్చోవచ్చు.

మోసం చేసేవి వేరే ఉన్నాయి. మటన్ తునక ఇరుక్కుంటుంది, సకినం ఇరుక్కోదు. మురుకులు, బొరుగులు, మిక్చర్, బిస్కెట్లు నోట్లోనే పొడై గొట్టంలోంచి జారిపోతాయి, నిండిన భావనే రాదు. సాయంత్రం కబుర్ల మధ్య గిన్నెడు సకినాలు తిన్నా కడుపు అభ్యంతరం చెప్పదు. ఈ ప్రాంతంలో యాసంగిలో విరివిగా పండే పల్లీ సంగతి కొంత మెరుగు, నూరు గ్రాములకు పాతిక గ్రాముల దాకా ప్రొటీన్ ఉంది. కానీ నలభై గ్రాముల నూనె కూడా ఉంది కనుక గుప్పెడు దాటకూడదు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి సాగిన పరిశీలనలో బైపాస్ చేయించుకున్నవాళ్లు ఏడాది, రెండేళ్లలో 32 శాతం బరువు తగ్గారు, పదేళ్లకు అది 25 శాతం దగ్గర నిలిచింది. కొంత వెనక్కి రావడం శరీర సహజం. అంతకు మించి వస్తే, ఇలా రోజంతా కొరుకుతూ ఉండడం తరచుగా దానికి ఒక కారణం.

కల్లు గురించి దాచకుండా మాట్లాడాలి. దసరాకు, దినాలకు, మైసమ్మ పండుగకు ఇక్కడ కల్లు లేకుండా జరగదు. "ఒక్క గ్లాసే కదా" అని బావమరిది చేతికిస్తే కాదనడం కష్టం. పొంగుతున్న కల్లులో గ్యాస్ ఉంటుంది, చిన్న కడుపును అది ఉబ్బించి నొప్పి పుట్టిస్తుంది. సోడాలూ, కూల్‌డ్రింకులూ అంతే. ఇక మద్యం సంగతికొస్తే, బైపాస్ తర్వాత అది కడుపులో ఆగకుండా నిమిషాల్లో రక్తంలోకి చేరుతుంది. మునుపు మూడు గ్లాసులకు ఎక్కే మత్తు ఒకటి, ఒకటిన్నరకే ఎక్కవచ్చు, దిగడానికి మాత్రం ఎక్కువ సేపు పడుతుంది. అమెరికాలో ఆపరేషన్లు చేయించుకున్న 1,945 మందిని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో మద్యం వ్యసనంతో బాధపడేవాళ్లు ఆపరేషన్‌కు ముందు 7.6 శాతం ఉంటే, రెండో ఏడాదికి 9.6 శాతమయ్యారు. ప్రమాదం బైపాస్ అయినవాళ్లలో ఎక్కువ కనిపించింది. మన దగ్గర ఇంకో ముప్పు కూడా ఉంది. చెట్టు కల్లు పేరుతో అమ్మేదానిలో అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కేసులు పాలమూరులో పదేపదే బయటపడ్డాయి. త్వరగా పీల్చుకునే పేగుకు ఆ కల్తీ చేరితే ఏమవుతుందో ఊహించడానికే భయం వేస్తుంది. మొదటి ఏడాది అసలు ముట్టకూడదు. ఆ తర్వాత కూడా దుకాణం కల్లుకు దూరంగా ఉండాలి. బంధువులు బలవంతపెడితే "డాక్టరు వద్దన్నడు" అన్న మాట ఊళ్లో ఇంకా చెల్లుతుంది.

ఎండాకాలం పెళ్లిళ్లలో దాహం మరో చిక్కు. తినడానికి అరగంట ముందు ఆపి, తిన్న అరగంట తర్వాతే నీళ్లు తాగాలి, అదీ గుక్కలుగా. చెంబెత్తి గడగడా తాగే రోజులు పోయాయి. అందుకని ఇంటి నుంచే సీసా పట్టుకెళ్లి, దారి పొడవునా కొద్దికొద్దిగా చప్పరిస్తూ ఉండాలి.

చివరిగా, ప్రాణం మీదికి తెచ్చే విషయం. దావత్ తర్వాత వాంతులు పట్టుకుని ఒకటి రెండు రోజులైనా ఆగకపోతే ఊళ్లో సాధారణంగా జరిగేది, ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజ్ ఎక్కించడం. ఆపరేషనైన మనిషికి, అందులోనూ మొదటి మూడు నాలుగు నెలల్లో, ఇది చేటు చేయగలదు. బి1 విటమిన్ మన శరీరంలో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. తిండి తగ్గి, వాంతులు తోడైతే అది అడుగంటుతుంది. ఆ స్థితిలో గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే, దాన్ని వాడుకోవడానికి ఉన్న కాస్త బి1 కూడా ఖర్చైపోయి మెదడు దెబ్బతింటుంది. ఒకటే వస్తువు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాటలో తికమక దాని గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఆపడానికి కావాల్సింది ఖరీదైన మందేమీ కాదు, గ్లూకోజ్ కంటే ముందు ఇచ్చే బి1 ఇంజెక్షన్. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. వాంతులు ఆగకపోతే వాటి ఆసుపత్రులకే నేరుగా వెళ్లాలి. ఏ ఆపరేషన్ జరిగింది, ఏ తేదీన, ఏ ఆసుపత్రిలో అన్నది ఒక కాగితం మీద రాసి జేబులోనో పర్సులోనో ఎప్పుడూ ఉంచుకోవాలి. ఆ కాగితం చూపించి, వెంట వెళ్లినవాళ్లు మొదట చెప్పాల్సిన మాట ఇది: "సార్, ఈమెకు బరువు తగ్గే ఆపరేషనైంది, రెండు రోజుల నుంచి వాంతులు. గ్లూకోజ్ పెట్టే ముందు బి1 ఇవ్వండి."